కేతిగాడికి యజమాని ఎవరు? – అనంతపురం చొక్కా బొమ్మలు, బండి స్టిక్కర్లలో మోటు హాస్యం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అనంతపురం ప్రాంతపు సంతల్లోనూ రోడ్ల మీదా కనిపించే మోటు బొమ్మల చొక్కాలను, వాహనాల స్టిక్కర్లను అభిరుచిలోపంగానో, నకలు వ్యాపారంగానో కొట్టివేయడం విద్యావంతుల్లో అలవాటు. ఈ బొమ్మలు తోలుబొమ్మలాటలోని కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యానికి ఎంత దగ్గరగా ఉన్నాయో, ఎక్కడ దూరమయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అలంకారశాస్త్రంలోని అశ్లీల, గ్రామ్య దోషచర్చను, బొమ్మపై యాజమాన్యం అనే చట్టభావనను ఇందుకు ఆధారం చేసుకోవడమైంది.

కీలకపదాలు: తోలుబొమ్మలాట, కేతిగాడు, అశ్లీలం, గ్రామ్యత, దిష్టి, స్టిక్కరు, కాపీహక్కు, భౌగోళిక గుర్తింపు.

1. చొక్కా మీది మాట

అనంతపురం టవర్ క్లాక్ పరిసరాల్లో సాయంత్రం పూట రోడ్డు పక్కన టార్పాలిన్ పరచి చొక్కాలు కుప్పపోసి అమ్ముతారు. ఆ కుప్పలో చేయి పెడితే మొదట తగిలేది మిక్కీమౌస్. అయితే అది డిస్నీ సంస్థ గీసిన మిక్కీ కాదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, నోట్లో సిగరెట్టు పెట్టుకుని, మెడలో గొలుసు వేసుకున్న మిక్కీ. దాని కింద లడ్డు పట్టుకున్న ఛోటా భీమ్, పేరులో ఒక అక్షరం తప్పిపోయిన స్పైడర్‌మ్యాన్, ఇంకా కిందికి వెళ్తే ఇంగ్లీషులో పచ్చిబూతు అచ్చయిన నల్ల టీషర్టు. ఎక్కడిదని అడిగితే అమ్మేవారు "తిరుప్పూరు మాలు" అంటారు. అంతకుమించి వారికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

అటువంటి టీషర్టు వేసుకుని ఒక విద్యార్థి నా తరగతికి వచ్చాడు. పాఠం అయ్యాక పక్కకు పిలిచి, దాని మీద ఏముందో తెలుసా అని అడిగాను. "తెల్దు మేడం, బొమ్మ బాగుందని కొంటిని" అన్నాడు. అర్థం చెప్పడానికి నాకే నోరు రాలేదు. తెలుగు బోధించే వ్యక్తిని ఒక మాటకు అర్థం చెప్పలేకపోయాననే ఇబ్బంది ఆ రోజంతా వెంటాడింది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

ఆ విద్యార్థి జవాబులో విమర్శకులు పట్టించుకోవలసిన విషయం ఒకటుంది. అతని దృష్టిలో చొక్కా మీద అక్షరాలు కూడా బొమ్మే. భాషగా పలకని ఇంగ్లీషు అతనికి ఒక అలంకరణ. కాబట్టి ఆ చొక్కాలోని బూతు వేసుకున్నవాడి ఉక్తి కాదు, చదివినవారికే అది ఉక్తి అవుతుంది. అశ్లీలదోషాన్ని వక్తకు అంటగట్టే మన అలవాటు ఇక్కడ పని చేయదు.

2. కాల్విన్, బార్ట్

నకలు బొమ్మను మోటుగా మార్చి ధరించడం మన దగ్గర మాత్రమే పుట్టిన అలవాటు కాదు. అమెరికాలో బిల్ వాటర్సన్ 1985 నుంచి 1995 వరకు 'కాల్విన్ అండ్ హాబ్స్' అనే కార్టూన్ గీశారు. ఆరేళ్ల పిల్లవాడు కాల్విన్, అతని పులిబొమ్మ హాబ్స్ అందులోని ప్రధాన పాత్రలు. ఆ పాత్రలతో బొమ్మలు, చొక్కాలు, కప్పులు తయారు చేసే హక్కులు అమ్మడానికి వాటర్సన్ అంగీకరించలేదు. కోట్ల ఆదాయం వదులుకున్నారు. ఫలితంగా కాల్విన్ మార్కెట్లోకి దొడ్డిదారినే వచ్చాడు. కొంటెగా వెనక్కి తిరిగి చూస్తూ, తనకు నచ్చని కారు కంపెనీ గుర్తు మీద మూత్రం పోస్తున్న కాల్విన్ స్టిక్కర్లు అమెరికా అంతటా పికప్ బండ్ల వెనక అద్దాల మీద వెలిశాయి. కార్టూన్ చదవనివారికి కూడా కాల్విన్ ఆ భంగిమలోనే తెలుసు.

దాదాపు అదే కాలంలో, 1990 ప్రాంతంలో, 'ది సింప్సన్స్' ధారావాహికలోని పసుపురంగు బార్ట్‌ను నల్లపిల్లవాడిగా మార్చి అచ్చువేసిన చొక్కాలు అమెరికా నగరాల నల్లజాతివారి వాడల్లో విరివిగా అమ్ముడుపోయాయి. అవి కూడా అనుమతి లేనివే. ఈ రెండూ చట్టం ముందు ఒకే రకం ఉల్లంఘనలు. విమర్శ ముందు మాత్రం ఒకటి కావు. కాల్విన్ స్టిక్కరు ఒక కంపెనీ అభిమాని మరొక కంపెనీ అభిమానిని తిట్టడం. అందులో కాల్విన్ అనే పాత్రకు పనేమీ లేదు, అతని మొహం మాత్రమే కావాలి. నల్ల బార్ట్ చొక్కా మాత్రం, తెర మీద తమ రూపం లేనివారు ఆ తెరను తమవైపు తిప్పుకున్న చర్య. అనుమతి లేకపోవడం అనే ఒక్క లక్షణంతో నకలు బొమ్మలన్నింటినీ ఒక గాటన కట్టలేమని చెప్పడానికే ఈ ఉదాహరణలు.

3. బండి వెనక మొహం

అనంతపురం ఆటోల వెనక తిట్టు ఉండదని కాదు. ఉంటుంది, కానీ దాని గురి వేరు. "నన్ను చూసి ఏడవకురా" అనే వాక్యం లేని రోడ్డు ఈ జిల్లాలో లేదనవచ్చు. ఈ వాక్యం ఎవరిని సంబోధిస్తున్నది? ప్రత్యేకంగా ఎవరినీ కాదు. వెనక నుంచి వచ్చే ప్రతి చూపునూ అది సంబోధిస్తున్నది. వాయిదాల మీద కొన్న ఆటోకు, ట్రాక్టరుకు అన్నింటికన్నా పెద్ద భయం పక్కవాడి కన్ను. కట్టుబడిలో ఉన్న ఇంటికి వేలాడదీసే దిష్టిబొమ్మకు గుడ్లు మిటకరించిన కళ్లు, బయటికి సాగిన నాలుక, మీసాలు ఎందుకుంటాయో, బండి వెనక వెక్కిరిస్తున్న బొమ్మ కూడా అందుకే ఉంటుంది. వికారం ఇక్కడ రక్షణ. అందమైన వస్తువు చూపును లాగుతుంది, వికారమైన బొమ్మ ఆ చూపును తన మీదికి మళ్లించుకుని వస్తువును కాపాడుతుంది.

ఈ కోణంలో చూస్తే నాలుక చాచిన కార్టూన్ పిల్లవాడు ఆటో మీదికి ఎక్కిన వెంటనే దిష్టిబొమ్మ పదవిలో కుదురుకున్నాడు. అతను ఏ దేశపు ధారావాహికలో పుట్టాడన్నది డ్రైవరుకు అక్కరలేదు. అమెరికాలో కాల్విన్ దాడి చేస్తాడు. ఇక్కడ అదే కొంటెతనం కాపలా కాస్తుంది. వాననీటి మీద, బోరు మీద, అప్పు మీద ఆధారపడి బతికే మెట్టప్రాంతంలో ఏ కొత్త వస్తువూ నిర్భయంగా తిరగదు.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ మోటు మొహాలను పక్కకు నెట్టిన స్టిక్కరు ఒకటుంది. కాషాయం, నలుపు రంగుల్లో కనుబొమలు ముడిచిన హనుమంతుని ముఖం. గుంతకల్లు సమీపాన కసాపురం ఆంజనేయస్వామి గుడి దగ్గర పూజకు వచ్చిన కొత్త బండ్లను చూస్తే దాని వ్యాప్తి అర్థమవుతుంది. దీన్ని 2015లో గీసినది కాసరగోడు జిల్లా కుంబళెకు చెందిన చిత్రకారుడు కరణ్ ఆచార్య. స్నేహితులు ఉత్సవపు జెండా కోసం అడిగితే గీసి ఇచ్చిన బొమ్మ అది. అక్కడి నుంచి కార్ల అద్దాల మీదికి, చొక్కాల మీదికి దేశమంతా పాకింది. 2018లో కర్ణాటక ఎన్నికల ప్రచారంలో ప్రధానమంత్రి ఆ చిత్రకారుణ్ణి ప్రశంసించారు. ఆ బొమ్మను అచ్చువేసి అమ్ముకున్న వేలాది చిన్న దుకాణాలు అనుమతి కోసం ఆయన దగ్గరికి వెళ్లలేదు. దాని రాజకీయార్థం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నా పరిశీలన చిన్నది: ఒక మనిషి గీసిన బొమ్మ మూడేళ్లలోనే కర్త లేని బొమ్మగా, అంటే జానపదంగా, మారిపోయింది. జానపదం కావడానికి శతాబ్దాలు పట్టాలన్న మన పాఠ్యపుస్తకాల ఊహను ఇది ప్రశ్నిస్తుంది.

4. తెర మీది మోటుమనిషి

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన వల్ల అది ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఇక్కడి కళాకారుల కుటుంబాలు ఇంట్లో మరాఠీకి దగ్గరైన భాష మాట్లాడుతూ, తెర వెనక తెలుగు పద్యం పాడతాయి. మేకతోలును గీకి, కాంతి ప్రసరించేలా పలుచన చేసి, చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులద్ది బొమ్మను తయారుచేస్తారు. రాముడు, రావణుడు, భీముడు మనిషెత్తు ఉంటారు. వారి అలంకారాల మీద పెట్టిన శ్రమను కళాచరిత్రకారులు సరిగానే ప్రశంసించారు.

అయితే రాత్రంతా సాగే ఆటలో జనాన్ని మేల్కొల్పి ఉంచేది రాముడు కాదు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. వీరి బొమ్మలు చిన్నవి, నగిషీ తక్కువ, అవయవాలు వికృతంగా సాగదీసినవి, కీళ్లు ఎక్కువ కదిలేవి. రాజుల బొమ్మలు గంభీరంగా నిలబడితే వీరు ఎగురుతారు, కొట్టుకుంటారు, ఒకరి మీద ఒకరు పడతారు. రాజులు పద్యం చెప్తే వీరు ఆ ఊరి యాసలో మాట్లాడతారు. కరెంటు కోత, రేషన్ దుకాణం, ఊరి పెద్దమనిషి పొట్ట, నిన్నటి సినిమా అన్నీ వారి మాటల్లోకి వస్తాయి. శరీరధర్మాల గురించి, దాంపత్యం గురించి వారు చెప్పే మాటలు ఏ చొక్కా మీది మాటలకూ తీసిపోవు.

ఈ ఆటపై కృషి చేసిన అమెరికన్ పరిశోధకుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1986లో ప్రచురించిన ఆంగ్లవ్యాసం శీర్షికలోనే ఆటను నడిపించేది హాస్యగాళ్లని సూచించారు. మన విమర్శ ఆ సూచనను తగినంతగా అందుకోలేదు. కేతిగాణ్ణి మనం ఆటవిడుపుగా చూస్తాం, ప్రధాన కథకు మధ్య వచ్చే ఖాళీగా లెక్కిస్తాం. కరవు ఏళ్లలో వాన కోసం విరాటపర్వం ఆడించడం తెలుగునాట ఉన్న ఆచారం. ఆ ఆటలో కీచకవధకు ముందు నర్తనశాల చీకటి ఉంది. ఒక బలవంతుడు ఒక పనిమనిషిని చెరబట్టాలని చూస్తాడు, సభ మౌనంగా ఉంటుంది. ఈ సన్నివేశం చుట్టూ బంగారక్క మగవాళ్ల కామాన్ని పచ్చిగా ఎగతాళి చేస్తుంటే, ద్రౌపది పద్యంలో అనలేని మాటను ఆమె వచనంలో అంటున్నదని నాకు అనిపించింది. అది విడుపు కాదు, వ్యాఖ్యానం. బంగారక్క గొంతు చాలా బృందాల్లో స్త్రీలదే అన్న సంగతిని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

చొక్కా బొమ్మకూ కేతిగాడికీ పోలిక ఇంతవరకు సులువుగా కుదురుతుంది. వికృతమైన శరీరం, ఊరి ముందు అనకూడని మాట, పెద్దవాళ్ల గాంభీర్యానికి పక్కన నిలబడి వెక్కిరించడం రెండింటిలోనూ ఉన్నాయి. ఈ పోలిక ఇక్కడే ఆపితే మంచి వ్యాసం అయ్యేదేమో గాని నిజం కాదు. కేతిగాడికి ఎదురుగా రాముడున్నాడు. ఆయన పద్యం ఉన్నంతసేపే ఇతని బూతుకు బలం. చొక్కా మీది సిగరెట్టు మిక్కీకి ఎదురుగా ఎవరూ లేరు. పైగా కేతిగాడు ఎదుటివారిని బట్టి మాట మార్చుకుంటాడు. పెద్దలు ముందు వరుసలో కూర్చుంటే ఒకలా, అర్ధరాత్రి దాటాక పిల్లలు నిద్రపోతే మరోలా మాట్లాడతాడు. అచ్చయిన మాటకు ఆ వివేకం లేదు. తరగతి గదికీ, గుడికీ, చావు ఇంటికీ అదే మాటతో వెళ్తుంది.

5. అశ్లీలం ఎప్పుడు దోషం?

ఈ తేడాను చెప్పడానికి మనకు పరాయి సిద్ధాంతం అవసరం లేదు. రష్యన్ విమర్శకుడు బఖ్తిన్ రబ్లే రచనల మీద రాసిన గ్రంథంలో వికృతశరీరం గురించి చెప్పినది ఇక్కడ ఉపయోగపడుతుంది, కాదనను. కానీ మమ్మటుడు కావ్యప్రకాశం ఏడవ ఉల్లాసంలో అశ్లీలాన్ని సిగ్గు కలిగించేది, రోత కలిగించేది, అమంగళాన్ని స్ఫురింపజేసేది అని మూడు విధాలుగా విభజించి, అక్కడితో ఆగలేదు. నీచపాత్రల మాటల్లో గ్రామ్యత గుణమవుతుందనీ, కొన్ని సందర్భాల్లో అశ్లీలం కూడా దోషం కాదనీ అదే ప్రకరణంలో అంగీకరించాడు. అంటే దోషం పదంలో లేదు, వక్తకూ సందర్భానికీ ఉన్న సంబంధంలో ఉంది. క్షేమేంద్రుడు ఔచిత్యం అన్నది కూడా ఈ సంబంధాన్నే. నాట్యశాస్త్రం హాస్యానికి వికృతవేషాన్ని విభావంగా చెప్పింది. వికృతిని తప్పుగా అది ఎంచలేదు.

ఈ కొలతతో చూస్తే కేతిగాడి బూతు ఉచితం. దిష్టి కోసం బండి వెనక నాలుక చాచిన బొమ్మ కూడా ఉచితమే, దానికొక పని ఉంది. నా విద్యార్థి చొక్కా మీది ఇంగ్లీషు మాట అనుచితం. అది బూతు కావడం వల్ల కాదు. దానికి వక్త లేడు, సందర్భం లేదు, అది ఎవరినీ వెక్కిరించదు. ఆడవాళ్ల శరీరాలను తూలనాడే ఇంగ్లీషు చొక్కాలు కొన్ని ఆ కుప్పల్లోనే ఉన్నాయి. వాటిని ప్రజల హాస్యమని సమర్థించేవారితో నేను ఏకీభవించను. బంగారక్క నోట వచ్చిన బూతు పైనున్నవాడి మీదికి పోతుంది. ఈ చొక్కా మాట పక్కన నడిచే ఆడపిల్ల మీదికి పోతుంది. ఈ రెంటినీ ఒకటే అనడం కేతిగాణ్ణి అవమానించడమే.

6. భీముడు, ఛోటా భీమ్

హక్కుల ప్రశ్న ఇంతకన్నా చిక్కుది. హైదరాబాదుకు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టించిన ఛోటా భీమ్ 2008లో పోగో ఛానెల్‌లో మొదలైంది. ఢోలక్‌పూర్ పిల్లవాడు, లడ్డు తింటే బలం వస్తుంది. ఆ పాత్ర రూపం మీద సంస్థకు చట్టబద్ధమైన హక్కు ఉంది. టవర్ క్లాక్ దగ్గరి టీషర్టు ఆ హక్కును ఉల్లంఘిస్తున్నది. 1957 నాటి కాపీహక్కు చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. టార్పాలిన్ మీద కూర్చున్న మనిషి మొత్తం సరుకు అంత విలువ చేయదు.

ఛోటా భీమ్‌కు పేరు, బలం, తిండిపోతుతనం ఇచ్చిన భీముడు నిమ్మలకుంట తెర మీద తరతరాలుగా ఆడుతున్నాడు. ఆ భీముడికి యజమాని లేడు. ఉండాలని కూడా నేను అనను. మహాభారతం అందరిదీ. సంస్థ దాని నుంచి తీసుకుని కొత్త బొమ్మ చేయడం తప్పు కాదు, ఆ కొత్తదనానికి రక్షణ కోరడం కూడా తప్పు కాదు. నా అభ్యంతరం మరొకచోట ఉంది. కాపీహక్కు రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. అంటే ఆ లెక్కకు పుట్టినతేదీ, చావుతేదీ ఉన్న ఒక మనిషి కావాలి. కేతిగాడి మొహాన్ని మొదట చిల్లులు కొట్టిన చేయి ఎవరిదో చెప్పలేం కాబట్టి చట్టం దృష్టిలో ఆ మొహం ఎవరైనా వాడుకోదగినది. తోలుబొమ్మల రూపాలు ఇప్పుడు గుడ్డసంచుల మీద, గోడల మీద, పెళ్లి శుభలేఖల మీద అచ్చవుతున్నాయి. అందులో ఒక్క రూపాయి అయినా ఆ ఊరికి చేరాలన్న నియమం లేదు.

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా అని అడగవచ్చు. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. వేరేచోట తయారైన తోలువస్తువును ఆ పేరుతో అమ్మకుండా ఆపుతుంది. బొమ్మ రూపాన్ని గుడ్డ మీద అచ్చువేస్తే, ఆ పేరు వాడనంత వరకు, దానికి సంబంధం లేదు. జానపద రూపాల మీద సమాజాలకు హక్కు కల్పించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఆట అడిగేవారు తగ్గిన తరువాత నిమ్మలకుంట కుటుంబాలు దీపపు గుల్లలు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేసి బతుకుతున్నాయి. ఆ గుల్లల మీద నెమళ్లు, చెట్లు, కృష్ణుడు, హనుమంతుడు ఉంటారు. హస్తకళల ప్రదర్శనల్లో నేను చూసినంత వరకు కేతిగాడు ఉన్న దీపం ఒక్కటి కూడా లేదు. హాలులో పెట్టుకునే దీపం మీద అతను ఎవరికి కావాలి? దొంగిలించడానికి కూడా పనికిరానివాడిగా కేతిగాడు మిగిలాడు. హక్కుల చర్చలో అతని గురించి ఎవరూ మాట్లాడకపోవడానికి కారణం అదే.

ఈ రెండు అన్యాయాలను తూచి సరిపెట్టే ఉద్దేశం నాకు లేదు. బొమ్మ గీసినవారికి కూలి దక్కాలి, అది గ్రీన్ గోల్డ్ చిత్రకారులైనా సరే. కానీ పెద్ద సంస్థ బొమ్మను పేదవాడు వాడితే నేరమనీ, పేదవాడి బొమ్మను పెద్ద సంస్థ వాడితే సంప్రదాయానికి గౌరవమనీ అనే భాష మన సాంస్కృతిక వ్యాసాల్లో కూడా చేరింది. కనీసం పరిశోధకులమైనా ఆ భాషను వాడకూడదు.

7. తీసేసిన పుటలు

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. పరిశోధనకాలంలో నేను సేకరించిన ప్రదర్శనపాఠంలో హాస్యపాత్రల సంభాషణలు చాలా ఉన్నాయి. సిద్ధాంతగ్రంథంలో వాటిని చేర్చలేదు. "ముద్రణయోగ్యం కాని భాగాలు" అని ఒక వాక్యం రాసి పద్యాలను మాత్రమే ఇచ్చాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. మౌఖికపరీక్షలో ఎవరూ అడగలేదు. నిజానికి బంగారక్క మాటలు మొదలయ్యేసరికి రెండుసార్లు నేనే రికార్డరు ఆపాను. తెర వెనక ఆ మాటలు చెప్తున్న వృద్ధురాలు అది గమనించి, "ఇది రాసుకోవా పాపా?" అని అడిగారు. ఆమెకు లేని సిగ్గు నాకెందుకు కలిగిందో అప్పుడు ఆలోచించలేదు.

నేను చేసిన పని ప్రత్యేకమేమీ కాదు. ప్రభుత్వ ఉత్సవాల్లో గంటకు కుదించిన తోలుబొమ్మలాటలో మొదట తెగిపోయేవి హాస్యపాత్రలే. పాఠ్యపుస్తకాల్లో ఆ పాత్రల పేర్లు ఉంటాయి, మాటలు ఉండవు. మాట పోయాక వారు పేరుకే హాస్యగాళ్లు. ఊరి యాసలో, ఊరి పెద్దల మీద, ఒక సందర్భంలో పుట్టే మోటుమాట మనం తీసేసిన ఆ చోటును ఖాళీగా ఉంచలేదు. అక్కడికి వక్త లేని ఇంగ్లీషు బూతు వచ్చి కూర్చుంది. కారణం ఇదొక్కటే అనడం అతిశయోక్తి. మార్కెట్టు, టెలివిజను, చవక ముద్రణ కూడా కారణాలే. అయినా ఆ విద్యార్థికి చొక్కా మాట అర్థం చెప్పలేని నేను, అతని అవ్వకు అర్థమయ్యే మాటలను గ్రంథం నుంచి తీసేసిన నేను ఒకే మనిషిని.

ఆ భాగాలను ఇప్పుడు పూర్తిగా లిప్యంతరం చేస్తున్నాను. రికార్డరు ఆపిన రెండు చోట్ల పాఠం లేదు. ఆ ఖాళీలను ఊహించి నింపలేదు, చుక్కలు పెట్టి వదిలాను. ప్రచురిస్తే ఎవరి పేరు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఆ పెద్దామెను అడగడానికి మళ్లీ వెళ్లాను. తన పేరు వద్దన్నారు, మనవరాలికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారట. మరి ఎవరు చెప్పారని రాయమంటారని అడిగితే, "బంగారక్క చెప్పిందని రాయి" అన్నారు. అలాగే రాశాను. ప్రచురణకు ప్రతిఫలమంటూ ఏదైనా వస్తే అది బృందానికి చెందుతుందని ఒక కాగితం రాసి, ఆమె వేలిముద్ర పక్కన నేను సంతకం చేశాను. ఆ కాగితం ఏ చట్టం కింద చెల్లుతుందో చెప్పగల న్యాయవాది కోసం వెతుకుతున్నాను.